లాంచీ చార్జీ తేజీ: బయానా ఎప్పుడు యివ్వాలి?

తిమ్మాజిపేట: పత్తి జోరందుకునేలోగా ఒకసారి కుటుంబంతో కృష్ణ మీద తిరిగి రావాలనుకునే వర్తకులు ఈ ప్రాంతంలో తక్కువేమీ కాదు. సోమశిల నుంచి శ్రీశైలం వెళ్ళే లాంచీ చార్జీ ఎక్కువగా వుందనీ, కొన్నాళ్ళు ఆగితే దిగివస్తుందనీ కొందరి అంచనా. రేటు యింకా పెరగకముందే టికెట్లు తీసి పెట్టుకోవాలని మరికొందరి తొందర. సరుకు స్వభావం చూడకుండా వేసిన అంచనాలు ఈ రెండూ. చార్జీ ఎంత అన్నదానికన్నా, ఏ షరతు మీద డబ్బు చేతులు మారుతున్నది అన్నదే యిక్కడ అసలు విషయం.

2024 చివరలో తెలంగాణ పర్యాటకాభివృద్ధి సంస్థ సోమశిల–శ్రీశైలం లాంచీని నడిపినప్పుడు ఒకవైపు ప్రయాణానికి పెద్దలకు రూ.2,000, పిల్లలకు రూ.1,600గా ప్రకటించింది. రానూపోనూ అయితే పెద్దలకు రూ.3,000, పిల్లలకు రూ.2,400. నాగార్జునసాగర్–శ్రీశైలం లాంచీకి కూడా అదే రేటు. సోమశిల నుంచి నీటిదారి సుమారు 120 కిలోమీటర్లు. ప్రయాణం దాదాపు ఏడు గంటలు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు వున్న యింటికి ఒకవైపు రూ.7,200, రానూపోనూ రూ.10,800 అవుతుంది. ఇవి ఆ సీజను రేట్లు. ఆ తరువాతి సీజన్ల రేటును బుకింగు కౌంటరులో విచారించుకునే బయలుదేరాలి.

తిరుగు లోడు లెక్క

ఈ రేట్లలో వర్తకులకు వెంటనే కనిపించవలసిన సంగతి ఒకటుంది. ఒకవైపు టికెట్లు రెండుసార్లు కొంటే అదే కుటుంబానికి రూ.14,400 అవుతుంది. రానూపోనూ టికెట్టు మీద రూ.3,600 మిగులు. సరుకు దించిన లారీ ఖాళీగా తిరిగి రావడం కన్నా తక్కువ కిరాయికైనా తిరుగు లోడు ఎత్తుకోవడం మేలని ఎలా చూస్తుందో, లాంచీ కూడా అదే పద్ధతిలో తిరుగు ప్రయాణాన్ని సగం ధరకు యిస్తున్నది.

ఒకవైపే వెళ్ళేవారు శ్రీశైలానికి వేరే వాహనం రప్పించుకోవాలి. తిరిగి రావలసింది మన్ననూరు మీదుగా నల్లమల అడవి దారి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆ దారిలో వాహనాలను వదలరు. సాయంత్రం లాంచీ దిగి, దర్శనం చేసుకుని, అదే రాత్రి యిల్లు చేరుదామనుకునేవారు గేటు దగ్గర ఆగిపోక తప్పదు. కారు కిరాయి, డ్రైవరు భత్యం, రాత్రి బస కలుపుకుంటే ఒకవైపు టికెట్టులోని చౌక చాలావరకు కరిగిపోతుంది.

మందీ కోసం ఆగడం వృథా

సీటు నిలవ వుండే సరుకు కాదు. టమాటా గంపను సాయంత్రానికి సగం ధరకైనా వదిలించుకోవచ్చు. లాంచీ కదిలిన తరువాత ఖాళీ సీటు పైసా చేయదు. అలాంటప్పుడు ఆఖరి నిమిషంలో ధర పడిపోవాలి కదా అని ఎవరికైనా తోచవచ్చు. ప్రైవేటు విమానాల్లో, ఓడల్లో ఒక్కోసారి అలా జరుగుతుంది కూడా. నది లాంచీ సంగతి వేరు. రేటు సంస్థ ప్రకటించినది. కౌంటరులో బేరానికి తావు లేదు. ఇరవై మంది ఎక్కినా, వంద మంది ఎక్కినా కాలే డీజిలు యించుమించు ఒకటే. జనం మరీ పలచగా వుంటే రేటు తగ్గించడం కన్నా ఆ రోజు ట్రిప్పు మానుకోవడమే నడిపేవారికి లాభం. గిరాకీ పడిపోతే యిక్కడ ధర దిగదు, సరుకే మార్కెట్టు నుంచి తప్పుకుంటుంది. మందీ కోసం కాచుకున్నవారికి చివరకు చౌక టికెట్టూ దొరకదు, ఖరీదు టికెట్టూ దొరకదు.

చౌక బోటు వెతుక్కోవడం అంతకన్నా ప్రమాదం. 2007 జనవరిలో కొల్లాపూర్ దగ్గరి మంచాలకట్ట వద్ద కృష్ణలో పడవ మునిగి అరవై మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు వద్ద గోదావరిలో పర్యాటక బోటు మునిగి యాభై మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. లైఫ్ జాకెట్లు, ఫిట్‌నెస్ తనిఖీలు, అనుభవం వున్న సరంగులు చార్జీలో కలిసే ఖర్చులే. ఆ మేరకు పెరిగిన ధరను తేజీ అని సణగడం తగదు.

చూడవలసింది నీటిమట్టం

మరి ముందుగానే డబ్బు కట్టడం మంచిదా? అదీ కాదు. సోమశిల లాంచీ నడవాలంటే శ్రీశైలం జలాశయంలో నీరుండాలి. పూర్తి మట్టం 885 అడుగులు. ఎగువన వానలు కురిసి ఆలమట్టి, జూరాల దాటి వరద వస్తేనే అది నిండేది. 2023లో కృష్ణా పరీవాహకంలో వానలు తక్కువై జలాశయం నిండలేదు. 2024లో జూలై ఆఖరుకు గేట్లు ఎత్తారు. 2025లో జూలై రెండో వారంలోనే ఎత్తారు. మూడేళ్ళలో మూడు రకాలు. నిండిన నీరు కూడా నిలిచివుండదు. ఎడమ గట్టు, కుడి గట్టు విద్యుత్ కేంద్రాలు, రెండు రాష్ట్రాల కాలువలు, ఎత్తిపోతలు ఎవరి వాటా వారు తోడుకుంటూనే వుంటాయి. వేసవి సమీపించేసరికి మట్టం దిగిపోయి, అవతలి గట్టున మునిగివున్న సంగమేశ్వరాలయం బయటపడుతుంది. గుడి తేలేదాకా నీరు దిగిన తరువాత సోమశిల నుంచి లాంచీ ప్రయాణం ఆశించరాదు.

ఈ మట్టం వర్తకులకు కొత్త సంగతి కాదు. కొల్లాపూర్ దగ్గర ఎల్లూరు నుంచి కల్వకుర్తి ఎత్తిపోతలకు నీరు తోడేది ఈ జలాశయం నుంచే. నాగర్‌కర్నూల్ ప్రాంతంలో యాసంగి వరి, వేరుశనగ ఎంత వేస్తారన్న అంచనాకు అడ్తీదారులు రోజూ పత్రికలో చూసే అంకె అదే. బాదేపల్లి యార్డుకు ఫిబ్రవరిలో ఎన్ని బస్తాలు దిగుతాయన్నది ఏ అంకె చెబుతుందో, అక్టోబరులో లాంచీ కదులుతుందా లేదా అన్నదీ అదే చెబుతుంది. సరుకు కోసం చూసే అంకెను సీటు కోసం కూడా చూస్తే చాలు.

కాబట్టి జూన్‌లో బయానా తొందరపాటు. వరద ఉధృతంగా వుండి గేట్లన్నీ ఎత్తిన రోజుల్లో బోటు దింపడం క్షేమం కాదు గనుక అప్పుడూ ఆగాలి. వరద తగ్గి, మట్టం నిండుగా నిలిచి, ట్రిప్పు తేదీలు ప్రకటించిన వారంలోనే టికెట్టు తీసుకోవడం మంచిది. అప్పుడు నెల ఆలస్యం చేస్తే కార్తీక మాసం వస్తుంది. శని, ఆదివారాల సీట్లకు, శ్రీశైలంలో గదులకు ఒకేసారి గిరాకీ పెరుగుతుంది. లాంచీ రేటు మారకపోయినా గది కిరాయి, కారు కిరాయి మారతాయి.

వర్తకునికి మరో లెక్క కూడా వుంది. ఆయన అసలు ఖర్చు టికెట్టు కాదు, దుకాణం మూసిన రోజు. దసరా, దీపావళి నడుమ వచ్చే తొలి ఏరుడు పత్తిలో తేమ ఎక్కువ. పత్తి సంస్థ 8 నుంచి 12 శాతం తేమ వున్న సరుకునే తీసుకుంటుంది గనుక ఆ రోజుల్లో కొనుగోళ్ళు మందకొడిగా సాగుతాయి. నవంబరు, డిసెంబరులలో జిన్నింగు మిల్లుల ముందు బండ్లు వరుస కడతాయి. ఆ తరువాత వేరుశనగ కాంటాలు. దసరా దాటిన తరువాత దొరికే మామూలు పనిదినాలే ఈ ప్రాంతపు వర్తకులకు అన్ని విధాలా కలిసివచ్చేవి.

సముద్రం మాట వేరు

పిల్లలు విదేశాల్లో వున్న కుటుంబాలు యిప్పుడు సముద్రపు ఓడల గురించి కూడా విచారిస్తున్నాయి. స్వదేశంలో 2021 సెప్టెంబరులో ముంబయి నుంచి కార్డీలియా కంపెనీ ఓడ బయలుదేరింది. 2022 జూన్‌లో విశాఖపట్నం రేవుకూ వచ్చింది. ఓడలు లెక్కకు తక్కువ, ఆశపడేవారు ఎక్కువ. ప్రపంచమంతటా ధోరణి యిదే. 2019లో ఓడ విహారం చేసినవారు సుమారు 2 కోట్ల 97 లక్షల మంది. కోవిడ్ దెబ్బకు 2020లో ఓడలు రేవుల్లోనే నిలిచిపోయాయి. 2023కు సంఖ్య 3 కోట్ల 17 లక్షలు, 2024కు 3 కోట్ల 46 లక్షలు అయింది. కొత్త ఓడ కట్టడానికి ఏళ్ళు పడుతుంది. గిరాకీ ఏటా పెరుగుతూ, సరఫరా నెమ్మదిగా కదిలే చోట ధర పటిష్ఠంగా వుండక తప్పదు. 2020 జనవరి 1 నుంచి ఓడల యింధనంలో గంధకం 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గాలన్న అంతర్జాతీయ నిబంధన కూడా ఖర్చు పెంచినదే.

రూపాయి విలువను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2022 ఆరంభంలో డాలరు సుమారు రూ.75. 2025 డిసెంబరులో అది రూ.90 దాటింది. వెయ్యి డాలర్ల గది ధర డాలర్లలో మారకపోయినా, యిక్కడ రూ.75,000 నుంచి రూ.90,000 అయింది. ఓడ కంపెనీ పైసా పెంచకుండానే నూటికి యిరవై పెరిగిందన్నమాట.

ఓడల్లో ముందుగా కొన్నవారికి సాధారణంగా మంచి ధర, మంచి గది దొరుకుతాయి. విదేశీ కంపెనీలు జనవరి నుంచి మార్చి దాకా రాయితీలతో పెద్ద ఎత్తున అమ్మకాలు సాగిస్తాయి. అయితే ఎనిమిది నెలల ముందే లక్ష రూపాయలు కడితే వడ్డీ ఎంత? బ్యాంకు డిపాజిట్టు ఏడు శాతం లెక్కన రూ.4,700కు కొంచెం లోపు. అంగట్లో నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ లెక్కన రూ.16,000. రాయితీ అంతకు మించితేనే లాభం. చాలా విదేశీ కంపెనీలు మొదట బయానా మాత్రం తీసుకుని, మిగతా సొమ్మును ప్రయాణానికి రెండు మూడు నెలల ముందు కట్టించుకుంటాయి. అలాంటి చోట ముందు బుకింగు తెలివైన పని. మొత్తం సొమ్ము ఒకేసారి అడిగే చోట కాదు. రేవు రుసుము, పన్నులు, ఓడ మీద సిబ్బందికి యిచ్చే సేవా రుసుము టికెట్టులో కలిశాయో లేదో కూడా ముందే రాయించుకోవాలి. అడ్తీ, హమాలీ, కాంటా ఖర్చు కలపకుండా సరుకు ధర చెప్పే వర్తకుడు లేడు కదా.

షరతు లేని బయానా వద్దు

నదికీ సముద్రానికీ వర్తించే సూత్రం ఒక్కటే. సరుకు అప్పగింత ఎప్పుడు, అప్పగించకపోతే డబ్బు సంగతేమిటి అని తేల్చుకోకుండా ఏ అంగట్లోనూ బయానా చేతులు మారదు. లాంచీ టికెట్టు మాత్రం అందుకు మినహాయింపు ఎందుకు కావాలి? నీరు చాలక ట్రిప్పు రద్దయితే ఎన్ని రోజుల్లో సొమ్ము వాపసు వస్తుంది? ప్రయాణికులు చాలక రద్దయితే సంగతేమిటి? తిరుగు ప్రయాణం మాత్రమే రద్దయితే మినహాయించేది సగమా, ఒకవైపు రేటా? మూడువేల టికెట్టు మీద ఈ ఒక్క ప్రశ్నకే పెద్దలకు తలకు రూ.500 తేడా వస్తుంది.

పర్యాటక సంస్థ చేయవలసిన పని చిన్నది. ఎన్ని అడుగుల మట్టం వుంటే లాంచీ నడుస్తుంది, కనీసం ఎందరు వుండాలి, రద్దు కబురు ఎన్ని గంటల ముందు చెబుతారు, వాపసు ఎంత అన్న నాలుగు అంకెలను సీజనుకు ముందే సోమశిల ఘాటులోనూ, పత్రికల్లోనూ ప్రకటించాలి. మార్కెట్ కమిటీ గేటు దగ్గర ధరల పలక పెట్టినంత సులువు ఈ పని. అలా చేస్తే చార్జీ మరో వంద పెరిగినా వర్తకులు వెనుకాడరు. కారు కిరాయి కట్టి, దుకాణం మూసి, పిల్లలను వెంటబెట్టుకుని కొల్లాపూర్ దాటి వెళ్ళిన కుటుంబం ‘ఈ రోజు లాంచీ లేదు’ అన్న మాట విని తిరిగి రావడమే వారు భరించలేని నష్టం.

వర్తక సంఘాలు కూడా ఊరుకోకూడదు. పది కుటుంబాలు కలిసి ఒకే తేదీకి రాతపూర్వకంగా అడిగితే ప్రయాణికులు చాలలేదన్న సాకుకు తావుండదు. చిల్లర బేరం కన్నా టోకు బేరం ఎప్పుడూ నిలకడ.

మొత్తం మీద చార్జీలు దిగివచ్చే సూచనలు నది మీదా లేవు, సముద్రం మీదా లేవు. ఓడ గదికి ముందుగా, తక్కువ బయానాతో. లాంచీ సీటుకు మట్టం నిలిచాక, రెండు వైపులకూ కలిపి కొనడం శ్రేయస్కరం. రెండింటికీ వాపసు షరతు కాగితం మీద చూసుకున్న తరువాతే పెట్టె తీయాలి.