'నీ ర్యాంకెంత?' అన్నది రేవు దగ్గరి ప్రశ్న

యొర్దాను రేవుల దగ్గర గిలాదువారు ఏం చేశారో మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. దాటబోయే ప్రతివాణ్ణీ ఆపి ఒక్క మాట పలకమన్నారు. 'షిబ్బోలెతు' అనలేక 'సిబ్బోలెతు' అన్నవాడు ఎఫ్రాయిమీయుడని తేలిపోయింది. అక్కడే చంపేశారు. ఇంజినీరింగ్ డిపార్టుమెంటులో మొదటి వారం, హాస్టల్ వరండాలో వినబడే 'నీ ర్యాంకెంత?' కూడా అలాంటి ప్రశ్నే అని మేమంటున్నాం.

అడిగేవాడికి ఫిజిక్సు మీద ప్రేమ పొంగి అడగడం లేదు. ర్యాంకు చెబితే కేటగిరీ తెలుస్తుంది, కేటగిరీ తెలిస్తే కులం తెలుస్తుంది. ఆ తర్వాత ల్యాబ్ గ్రూపులో ఎవరిని చేర్చుకోవాలి, సీనియర్ల నోట్సు, పాత ప్రశ్నపత్రాలు ఎవరికి అందాలి అన్నవి చప్పుడు లేకుండా సర్దుకుంటాయి. ఇది మా ఊహ అనేవాళ్లు 2023లో జరిగింది చూడండి. ఆ ఫిబ్రవరిలో ఐఐటీ బొంబాయిలో కెమికల్ ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థి దర్శన్ సోలంకి చనిపోయాడు. కులవివక్షే కారణమని కుటుంబం అంది. నిర్దిష్టమైన ఆధారం లేదని సంస్థ వేసిన కమిటీ అంది. అయినా అదే సంస్థ జూలైలో, తోటి విద్యార్థిని జేఈఈ ర్యాంకు గానీ గేట్ స్కోరు గానీ, కులం బయటపడే మరే సంగతి గానీ అడగడం తగదని మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రశ్నలో ఏ దోషమూ లేకపోతే అడగవద్దని రాయాల్సిన పనేముంది?

మన దళిత క్రైస్తవ పిల్లల సంగతి మరీ విడ్డూరం. ఎస్సీలెవరో చెప్పిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లిములను చేర్చలేదు. కాబట్టి మన పిల్లవాడికి ఎస్సీ సీటు లేదు, ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీలకు ఉన్న ట్యూషన్ ఫీజు మినహాయింపూ లేదు. తాతలది ఏ పేటో తెలిసిన రోజున రూములో పడే మాట మాత్రం తప్పదు. కేసు పెడదామంటే, క్రైస్తవుడైనవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో చెప్పింది. కాగితం మీద పోయిన కులం మెస్సు బల్ల దగ్గర మాత్రం ఎందుకు పోలేదు?

పైగా మనం ఊరు విడిచి వచ్చినవాళ్లం. తెనాలిలో పుట్టి బొంబాయిలో పెరిగిన తెలుగు విద్యార్థి మెడికల్ సీటు కోసం కోర్టుకెక్కితే, ఆంధ్రలో ఎస్టీ అయినంత మాత్రాన మహారాష్ట్రలో కాడని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంజినీరింగ్ సీటుకైనా అదే లెక్క. షోలాపూర్‌లో కులపత్రం కావాలంటే 1950 ఆగస్టు 10 నాటికే కుటుంబం అక్కడ ఉన్నట్టు రుజువు అడుగుతారు. మిల్లు కూలీకి అన్నేళ్ల కాగితం ఎవరు దాచిపెట్టారు?

మరి మన సంఘాలు? సీటొచ్చిన ఆదివారం కృతజ్ఞతా కూడిక, సాక్ష్యం, కేకు. ఆర్నెల్లకు పిల్లవాడు ఏడుస్తూ ఫోన్ చేస్తే, 'ప్రార్థన చేసుకో నాన్నా, ఇంటి సంగతులు ఎవరికీ చెప్పకు' అంటారు. దాక్కోమని చెప్పడం ఓదార్పు కాదు. సబ్జెక్టు పోతే భక్తి తగ్గిందంటారు. అలా అనే పెద్దల్లోనే కొందరు, అమ్మాయికి సంబంధం వస్తే 'మాలా, మాదిగా?' అని ముందు ఆరా తీస్తారు. హాస్టల్ కుర్రాడిని తప్పుపట్టే నోరు వాళ్లకెక్కడిది!

యూనివర్సిటీల్లో సమాన అవకాశాల సెల్, వివక్షపై ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలని 2012 నాటి యూజీసీ నిబంధనలు చెప్పాయి. కులంతో పాటు మతం పేరిట వివక్ష కూడా అందులో ఉంది. ఈ అడ్మిషన్ల కాలంలో ప్రతి సంఘం నుంచి ఇద్దరు పెద్దలు పిల్లలు చేరిన డిపార్టుమెంటుకు వెళ్లి ఆ అధికారి పేరేమిటి, ఏ గదిలో ఉంటారు అని అడగాలి. నోటీసు బోర్డు మీద లేకపోతే పెట్టమని రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. చర్చి సంస్థలే ఇంజినీరింగ్ కాలేజీలు నడుపుతున్న చోట ముందు అక్కడికే వెళ్లాలి.