గ్రౌండు లైటుకి మూత పెడదాం, చుక్కల గుంపుల్ని ఫొటో తీద్దాం



ఈ నెల గోడ పత్రికలో నేను రాసేది ఒక కోరిక, దాని వెనక నా అభిప్రాయం. కోరిక చిన్నదే. డైనింగు హాలు మీద పెట్టిన పెద్ద ఫ్లడ్ లైటుకి పైన ఒక రేకు మూత పెట్టించి, వెలుగు నేల మీదికే పడేలా వంచాలి. అమావాస్య దగ్గర రోజుల్లో ఒక్క గంట ఆ ఒక్క లైటు ఆపాలి. ఆ గంటలో దక్షిణం వైపు ఆకాశంలో ఉన్న చుక్కల గుంపుల్ని మనమే ఫొటో తియ్యాలి. "చుక్కల్ని ఫొటో తియ్యడం ఏటే, అది అమెరికా వాళ్ళ పని" అని నవ్వేవాళ్ళు ముందు ఇది చివరి దాకా చదవండి. తర్వాత కావాలంటే నవ్వండి.

చుక్కల గుంపు అంటే మనకి తెలియనిది కాదు. పిల్లలకోడిని చూడని వాళ్ళు మనలో ఎవరూ లేరు. పుస్తకంలో దాన్ని కృత్తిక అంటారు, నక్షత్ర గుచ్ఛం అంటారు. ఒకే మబ్బులో నుంచి కలిసి పుట్టిన నక్షత్రాలు అవి, అక్కచెల్లెళ్ళ లాగ. ఇలాంటివి దక్షిణం వైపు ఇంకా చాలా ఉన్నాయి. మన ఊరు భూమధ్యరేఖకి ఉత్తరంగా 18 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి ఢిల్లీ వాళ్ళ కంటే మనకి దక్షిణ ఆకాశం ఎక్కువ కనిపిస్తుంది. ఇది మనం కష్టపడి సంపాదించింది కాదు, ఊరికే దొరికింది.

మూడు గుంపులు చెప్తాను, మీరే వెతుక్కోండి.

ఒకటి. ఫిబ్రవరి నెలలో రాత్రి 9 గంటలకి గొల్లకావడి మూడు చుక్కల గీతని ఎడమ చేతి వైపు కిందికి పొడిగిస్తే ఆకాశంలో అన్నిటికంటే ఎక్కువ మెరిసే సిరియస్ వస్తుంది. చెయ్యి చాపి పట్టుకుంటే దానికి మూడు వేళ్ళంత కిందన మసకగా ఒక మచ్చ ఉంటుంది. దాని పేరు ఎం41. అందులో 100 దాకా నక్షత్రాలున్నాయి. వెలుగు అక్కడ నుంచి మన దగ్గరికి రావడానికి దగ్గర దగ్గర 2,300 సంవత్సరాలు పడుతుంది. అంటే ఇప్పుడు మన కంట్లో పడేది అశోకుడి కాలానికి అటూ ఇటూగా బయలుదేరిన వెలుగు.

రెండు. మనం చలిలో మూలుగుతూ లేచే తెల్లవారుజామున, 5 గంటలకి కొంచెం ముందు, ఆగ్నేయం వైపు తేలు ఆకారం ఉంటుంది. దాని కొండి పక్కన ఉన్న గుంపు ఎం7. చందమామ కంటే రెండింతలు వెడల్పు. క్రీ.శ. 130 ప్రాంతంలోనే టాలెమీ అనే ఆయన దీన్ని రాసి పెట్టాడు. అప్పుడు దూరదర్శిని అనేదే లేదు, ఉత్త కళ్ళతో చూశాడు.

మూడు. అదే సమయంలో దక్షిణం దిక్కున కిందగా ఒమేగా సెంటారీ ఉంటుంది. చూడటానికి మసక చుక్క. అందులో సుమారు 1 కోటి నక్షత్రాలు ఉండలాగ ముద్దకట్టి ఉన్నాయి. దూరం సుమారు 17,000 కాంతి సంవత్సరాలు. 1677 లో సెయింట్ హెలీనా దీవిలో ఎడ్మండ్ హేలీ చూసి ఇది మామూలు నక్షత్రం కాదు అన్నాడు. 2024 లో శాస్త్రవేత్తలు హబుల్ టెలిస్కోపు 20 ఏళ్ళ పాటు తీసిన 500 కి పైగా ఫొటోలు దగ్గర పెట్టుకుని చూస్తే, దాని మధ్యలో ఏడు నక్షత్రాలు మరీ వేగంగా పరిగెడుతున్నాయట. కాబట్టి అక్కడ ఒక కృష్ణబిలం ఉండాలని చెప్పారు. ఒక్క ఫొటో కాదు, పాత ఫొటోల పక్కన కొత్త ఫొటోలు పెట్టి చూస్తేనే ఆ సంగతి తెలిసింది. ఇది గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఒమేగా సెంటారీ మన దగ్గర ఎంత పైకి వచ్చినా, చెయ్యి చాపి పిడికిలి పెడితే రెండున్నర పిడికిళ్ళ ఎత్తు దాటదు. దక్షిణపు గుంపులు చాలా మట్టుకు మనకి ఇలాగే కిందనే ఉంటాయి. మన ఫ్లడ్ లైటు కూడా గ్రౌండుకి దక్షిణం వైపే ఉంది. దాని వెలుగు సగం చెట్ల కొమ్మల మీదికి, మంచు మీదికి పోయి ఆకాశం అడుగు భాగం అంతా పలచని మజ్జిగలాగ తెల్లగా చేస్తోంది. నడినెత్తి చుక్కలు ఎలాగో కనిపిస్తాయి. కింద ఉన్నవే పోతాయి. అంటే మనకి ప్రత్యేకంగా దొరికిన వాటినే మన లైటు దాచేస్తోంది.

ఫొటోకి చీకటి ఎందుకు కావాలో చెప్తాను. మన కన్ను వెలుగుని దాచుకోలేదు, వచ్చింది వచ్చినట్టు చూసేస్తుంది. కెమెరా అలా కాదు. గెడ్డ పక్కన సన్నటి ఊట కింద బిందె పెడితే బొట్టు బొట్టు పడి నిండుతుంది కదా, అలాగే 10 సెకన్లు, 15 సెకన్లు తెరిచి ఉంచితే వెలుగు పోగవుతుంది. కంటికి కనపడని చుక్క కూడా పడుతుంది. కానీ ఊట పక్కనే బురద నీళ్ళు కూడా బిందెలో పడితే? బిందె నిండుతుంది, తాగడానికి పనికి రాదు. ఫ్లడ్ లైటు వెలుగు ఆ బురద నీళ్ళు.

భూమి తిరుగుతుంది కాబట్టి చుక్కలు గంటకి 15 డిగ్రీలు జరుగుతాయి. ఎక్కువ సేపు తెరిచి ఉంచితే చుక్క గీత అయిపోతుంది. అందుకని 10 సెకన్ల ఫొటోలు 40 తీసి, కంప్యూటరులో ఒకదాని మీద ఒకటి పేర్చుతారు. చుక్క మీద చుక్క పడేలా ఫొటోలని జరిపి పేర్చుతారు, ఇసక లాంటి గరుకు మాత్రం ప్రతి దాంట్లో మారుతుంది. పేర్చితే చుక్క నిలుస్తుంది, గరుకు ఆరో వంతుకి తగ్గిపోతుంది. ఈ పని చేసే ప్రోగ్రాములు డబ్బు కట్టకుండానే దొరుకుతాయి. మన కంప్యూటరు గది వారంలో నాలుగు రోజులు తాళం వేసే ఉంటుంది.

పోయిన నెల సైన్సు మాస్టారు తన ఫోనుని ఇటుకల మధ్య నిలబెట్టి గ్రౌండులో ఎం41 ని తీశారు. ఫొటో అంతా తెల్లగా వచ్చింది. తర్వాత కూరగాయల మడి వెనక్కి వెళ్ళి, గోడ లైటుకి అడ్డం వచ్చే చోట అదే ఫోనుతో మళ్ళీ తీశారు. సిరియస్ కింద ఆరు చుక్కలు విడివిడిగా లెక్కపెట్టగలిగాం. ఫోను అదే, ఆకాశం అదే, మారింది లైటు ఒక్కటే.

"ఫోనుతో ఏం సైన్సు జరుగుతుంది?" అని కొందరు అడిగారు. పాత కథలు రెండు చెప్తాను. 1751 లో లకాయ్ అనే ఫ్రాన్సు ఆయన దక్షిణాఫ్రికాలో కేప్‌కి వెళ్ళాడు. ఆయన దూరదర్శిని అద్దం అర అంగుళం, మన చొక్కా గుండీ అంత. దాంతోనే దాదాపు 10,000 దక్షిణపు నక్షత్రాలని గుర్తించాడు. 42 గుంపులు, మసక మచ్చలతో ఒక పట్టిక 1755 లో అచ్చు వేయించాడు. ఎం7, ఒమేగా సెంటారీ రెండూ అందులో ఉన్నాయి.

రెండోది, 1882 లో పెద్ద తోకచుక్క వచ్చింది. కేప్ అబ్జర్వేటరీలో డేవిడ్ గిల్ అనే శాస్త్రవేత్తకి ఫొటో తీసే సామాను లేదు. ఆ ఊళ్ళో మనుషుల ఫొటోలు తీసుకునే ఒక ఫొటోగ్రాఫరు కెమెరా తెచ్చి దూరదర్శినికి కట్టారు. తోకచుక్క వచ్చింది, దాని వెనక ఎవరూ అనుకోనన్ని నక్షత్రాలు కూడా వచ్చాయి. అప్పుడే గిల్‌కి ఫొటోలతోనే ఆకాశం మొత్తం లెక్క రాయొచ్చు అని తోచింది. 1887 లో పారిస్‌లో దేశాల వాళ్ళు కూర్చుని ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నారు.

అందులో ఒక పట్టీ మన హైదరాబాదుకి వచ్చింది! 1901 లో నవాబు జాఫర్ జంగ్ పెట్టిన నిజామియా అబ్జర్వేటరీ, ఖగోళ మధ్యరేఖకి దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న ఆకాశాన్ని గాజు పలకల మీద ఫొటోలు తీసింది. మొత్తం మీద 7 లక్షలకు పైగా నక్షత్రాలు లెక్కలోకి ఎక్కాయి. సిరియస్ కింద నేను చెప్పిన ఎం41 సరిగ్గా ఆ పట్టీలోనే ఉంది. బేగంపేటలో ఇప్పుడు ఆ పని చెయ్యగలరా? 1968 లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ళు 48 అంగుళాల టెలిస్కోపుని ఊరి దీపాలకి దూరంగా రంగాపూర్‌లో పెట్టుకోవాల్సి వచ్చింది. చీకటి ఒకసారి పోతే దాన్ని వెతుక్కుంటూ మనమే దూరం పోవాలి. మనకి ఇంకా అంత అవసరం రాలేదు. రాకముందే జాగ్రత్త పడదాం అంటున్నాను.

ఇక అభ్యంతరాలు. వార్డెన్ మేడం గారు అన్నమాట నేను విన్నాను: "ఆడపిల్లల హాస్టల్లో లైటు ఆపితే రేపు ఏదైనా జరిగితే జవాబు ఎవరు చెప్తారు?" ఆ మాట తప్పు కాదు. వానాకాలంలో నీళ్ళ ట్యాంకు దగ్గర పాము కనపడింది. అయిదో తరగతి చెల్లెళ్ళు రాత్రి బాత్రూముకి వెళ్ళడానికి ఒకరినొకరు లేపుకుంటారు. వాళ్ళ భయం మీద నా ఫొటో వద్దు.

కానీ ఒక్కసారి రాత్రి నిలబడి చూడండి. ఆ ఫ్లడ్ లైటు ఎక్కడ పడుతోంది? గ్రౌండు మీద, చెట్ల మీద, ఆకాశం మీద. బాత్రూముల దారి బిల్డింగు నీడలో చీకటిగానే ఉంది. అక్కడి రెండు బల్బులు పోయి చాలా రోజులైంది. పైగా ఫ్లడ్ లైటు కళ్ళల్లోకి కొట్టాక ఆ దారిలోకి తిరిగితే మెట్టు కూడా కనపడదు. కన్ను చీకటికి అలవాటు పడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది. ఎక్కువ వెలుగు ఉంటే భద్రత ఉంది అనుకోవడం సరి కాదని నా అభిప్రాయం. కావలసిన చోట వెలుగు ఉంటేనే భద్రత. అందుకే నా కోరికలో మొదటిది ఆ దారిలో రెండు బల్బులు వెయ్యడం. అది చేశాకే మూత సంగతి. మూత పెడితే పైకి పోయే వెలుగు కూడా కిందికే వస్తుంది. నీలం కలిసిన తెల్ల లైటు బదులు పసుపు లైటు పెడితే ఆకాశంలో చెదిరేది ఇంకా తగ్గుతుంది.

ఇలా ఎవరూ చెయ్యలేదని అనకండి. మహారాష్ట్రలో పెంచ్ పులుల అడవికి 2024 జనవరిలో మన దేశంలో మొదటి డార్క్ స్కై పార్కు అని గుర్తింపు వచ్చింది. దాని కోసం అడవి పక్క ఊళ్ళలో వీధి దీపాలు కిందికే వెలుగు పడేలా మార్చారు. అవీ మనలాంటి అడవి ఊళ్ళే. వాళ్ళు దీపాలు తీసెయ్యలేదు, వంచారు.

"హబుల్ ఫొటోలు పుస్తకంలో ఉన్నాయిగా, మళ్ళీ మనం తియ్యడం ఎందుకు?" అని మా క్లాసులోనే అన్నారు. పుస్తకంలో వరి పొలం బొమ్మ ఉందని మనం నాట్లు మానేస్తామా? మన ఫొటో చిన్నగానే ఉంటుంది. కానీ దాని కింద తేదీ, టైము, ఎన్ని సెకన్లు అని మన చేత్తో రాస్తాం. వచ్చే ఏడు చెల్లెళ్ళు అదే చోట నుంచి మళ్ళీ తీసి పక్కన అంటిస్తారు. ఆకాశం అలాగే ఉందా, తెల్లబడిందా అని మన దగ్గరే రుజువు ఉంటుంది.

ఇంకో మాట. లకాయ్ దక్షిణపు చుక్కలకి గాలిపంపు, గడియారం, కొలిమి, సూక్ష్మదర్శిని అని తన పనిముట్ల పేర్లు పెట్టాడు. మన పెద్దవాళ్ళు పిల్లలకోడి, గొల్లకావడి అన్నారు. ఎవరి ఇంట్లో ఉన్నది వాళ్ళు ఆకాశంలో చూశారు. ఆయన పేర్లు ప్రపంచం అంతా వాడుతోంది, ఎందుకంటే ఆయన రాసి పెట్టాడు. మా తాతకి రాయడం రాదు. నాకు వచ్చు, మీకూ వచ్చు. మనం ఇళ్ళల్లో మొదట చదువుకుంటున్న వాళ్ళం. ఫొటో కింద ఎం7 అని రాసి, పక్కన మన ఊరి పెద్దలు దాన్ని ఏమంటారో అది కూడా రాద్దాం. సెలవులకి వెళ్ళినప్పుడు అడిగి రండి.

కాబట్టి వార్డెన్ మేడం గారికి నా విన్నపం. మొదట దారిలో రెండు బల్బులు. తర్వాత కరెంటు పని తెలిసిన మనిషి చేత రేకు మూత, పాత నూనె డబ్బా రేకు అయినా చాలు. ఆ తర్వాత వచ్చే అమావాస్యకి, టీచరు గారు దగ్గర ఉండగా, వాచ్‌మన్ తాత గేటు దగ్గర ఉండగా, రాత్రి 9 నుంచి 10 దాకా ఒక్క గంట. ఇష్టం ఉన్నవాళ్ళే వస్తారు, చదువు గంట పోదు. ఫొటో బాగా రాకపోతే అది కూడా ఇదే గోడ మీద అంటిస్తాం.

నా అభిప్రాయం నచ్చని వాళ్ళు వచ్చే సంచికలో తప్పకుండా రాయండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని