మాస్కు సరే.. సెలవు మాటేమిటి?

సౌదీలో తొలి కరోనా కేసు 2020 మార్చి 2న నమోదైంది. ఆసుపత్రి సిబ్బందికి జాగ్రత్తలు ఇక్కడ కొత్తేమీ కాదు. 2014లో జెడ్డాలో మెర్స్ ఎక్కువగా పాకింది ఆసుపత్రుల్లోనే. నర్సులు, డాక్టర్లూ దాని బారిన పడ్డారు. దగ్గు, జ్వరంతో వచ్చినవారిని గుమ్మం దగ్గరే వేరుచేయడం, ఎన్‌95 మాస్కు ముఖానికి సరిపోతోందో లేదో పరీక్షించడం మెర్స్ మార్గదర్శకాల్లోనే ఉన్నాయి. 2020లో కరోనా వచ్చినప్పుడు రోగిని మామూలుగా చూసేటప్పుడు సర్జికల్ మాస్కు, గొంతులో గొట్టం వేసేటప్పుడు ఎన్‌95 అంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

పాటించడం కష్టమైంది మరొకటుంది: ఒంట్లో బాగోలేకపోతే డ్యూటీకి రావద్దు. ఇఖామా కఫీల్ చేతిలో ఉన్న మన నర్సమ్మ, ఇంటికి పంపాల్సిన డబ్బు గుర్తొచ్చి, ఒక పారాసిటమాల్ వేసుకుని వార్డుకెళ్లదా? ఆ రోజులకు జీతం కోయబోమని ఆసుపత్రులు రాసివ్వాలి. మన సంఘాలు మాస్కులతో పాటు ఇదీ అడగాలి.