గురి ఉన్నోళ్లకు తుపాకీ ఏది?

2012 లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ కాంస్యం గెలిస్తే హైదరాబాద్ మురిసింది. 2018లో పదమూడేళ్ల ఈషా సింగ్ జాతీయ చాంపియన్ అయింది. అదే ఈషా 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల నుంచి ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. మేమూ సంబరపడ్డాం. సంబరం అయిపోయింది కనుక ఇప్పుడు అడుగుతున్నాం. హైదరాబాద్ సరే, ఆదిలాబాద్ బిడ్డ, పాలమూరు బిడ్డ గురి చూసే చోటు ఎక్కడ?

తుపాకీ మన పల్లెకు కొత్త కాదు. దొర చేతిలో చూశాం, రజాకార్ల చేతిలో చూశాం, పోలీసుల చేతిలో చూశాం. ఆట వస్తువుగా మాత్రం చూడలేదు. అందుకే తల్లిదండ్రులకు జంకు. ఆ జంకు చూసి "ఇది పెద్దోళ్ల ఆట, మీకెందుకు?" అనేవాళ్లున్నారు. వాళ్లకు మా జవాబు వినండి.

పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో మందుగుండు ఉండదు. గాలి ఒత్తిడికి 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండు పోతుంది. చట్టం పెట్టిన హద్దుకు లోబడిన ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు కూడా అక్కర్లేదు. పెద్ద మైదానం అక్కర్లేదు. ఒక పొడుగాటి గది, చివర గట్టి అడ్డు, దగ్గరుండి చూసే శిక్షకుడు ఉంటే మొదలుపెట్టొచ్చు. లక్ష్యం నడుమ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. దాన్ని కొట్టడానికి కండబలం, కులబలం పనికిరావు. ఓపిక కావాలి, నిలకడ కావాలి. అవి మన బిడ్డలకు లేవా?

లేనిది డబ్బు. పోటీకి పనికొచ్చే విదేశీ రైఫిల్ ధర లక్షల్లో ఉంటుంది. ఆపైన జాకెట్, గుండ్లు, రేంజి ఫీజు. ఉత్సాహంగా చేరిన పిల్ల ఆరు నెలలకు మానేస్తే తప్పు ఆమెది కాదు, ఖాళీ జేబుది.

సర్కారు తలుచుకుంటే ఏమవుతుందో పక్క రాష్ట్రం చూపించింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన స్వప్నిల్ కుశాలే కొల్హాపూర్ జిల్లా పల్లె బిడ్డ, బడిపంతులు కొడుకు. మహారాష్ట్ర సర్కారు నడిపే క్రీడా ప్రబోధినిలో చేరి పైకొచ్చాడు. రైల్వే ఉద్యోగం ఆసరా అయింది. మహారాష్ట్ర చేసిన పని మన సర్కారుకు ఎందుకు చేతకాదు?

పైగా వేదికలు తగ్గుతున్నాయి. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో షూటింగ్ తీసేశారు. 2026 గ్లాస్గో జాబితాలోనూ లేదు. ఇలాంటప్పుడు ఒకరిద్దరి పతకాలతో ఆట నిలవదు. వందల మంది పిల్లలు రోజూ గురి చూస్తేనే నిలుస్తుంది.

అందుకే అడుగుతున్నాం. ప్రతి జిల్లా కేంద్రంలో, గురుకులాల్లో పది మీటర్ల రేంజి పెట్టండి. తుపాకులు బడివి కావాలి, గుండ్లు సర్కారువి కావాలి. ఆడపిల్లలకు సగం వాటా కావాలి. విద్యార్థి మిత్రులారా, మీ యూనివర్సిటీల్లో ఈ మాట లేవనెత్తండి. ఉద్యోగ సోదరులారా, మీ పిల్లలు చదివే బళ్లలో అడగండి.

గెలిచాక కప్పే శాలువా ఎవరిక్కావాలి? గెలవకముందు చేతికి తుపాకీ ఇవ్వండి. గురి మా బిడ్డలు చూసుకుంటారు.