ముక్కలు పరచండి... ముక్క పొక్కనీయకండి!

సినిమావాళ్లకీ ముహూర్తాలకీ చుట్టరికం ఈనాటిది కాదు. కొబ్బరికాయ కొట్టందే క్లాప్ పడదు, గుమ్మడికాయ కొట్టందే షూటింగ్ ముగియదు. పేరులో అక్షరం కలిపేవాళ్లనీ, తీసేసేవాళ్లనీ, వేలికి రంగురాయి తొడిగేవాళ్లనీ చూశాం. ఆ వరసలో ఇప్పుడు టారో కార్డులవాళ్లు కూడా చేరారు. స్టారు ఇంటి గేటు దాటి, హాలు దాటి, లోపలి గదిదాకా వెళ్లగలిగే కొద్దిమందిలో వాళ్లూ ఒకరన్నమాట! మరి ఆ గదిలో విన్నదాన్ని బయటికొచ్చాక ఏం చెయ్యాలి? ఈ వారం ముచ్చట అదే.

ముందు కార్డుల సంగతి. టారో కట్టలో 78 ముక్కలుంటాయి. 22 పెద్దవి, 56 చిన్నవి. 15వ శతాబ్దంలో ఇటలీలో ఇవి అచ్చంగా పేకాట ముక్కలే. జోస్యాలు తర్వాతెప్పుడో మొదలయ్యాయి. 'లివ్ అండ్ లెట్ డై' (1973) చూసినవాళ్లకి జేన్ సేమూర్ గుర్తుండే వుంటుంది. విలన్ పక్కన కూర్చుని ముక్కలు తిప్పి జరగబోయేది చెప్పే సాలిటైర్! ఆ పిల్లని బుట్టలో వేసుకోవడానికి బాండ్ దొరగారు కట్టనిండా ప్రేమికుల బొమ్మే పేర్చి, "ఒకటి తియ్యి" అంటాడు. ఏది తీస్తే మాత్రం ఇంకేమొస్తుంది? తెరమీద కనుక సరిపోయింది. బయట అయితే దాన్ని మోసమంటారు.

కార్డులు నిజం చెబుతాయా, అబద్ధం చెబుతాయా అన్న తగవులోకి నేను దిగను. కార్డు చెప్పేది అబద్ధమే అనుకోండి. కానీ ఆ బల్ల ముందు కూర్చుని స్టారు చెప్పుకునేది మాత్రం నిజం! పెళ్లి సంగతి, అప్పుల సంగతి, ఒంట్లో నలత సంగతి... మర్యాద అవసరమయ్యేది అందుకే.

రహస్యం పొక్కితే ఏమవుతుందో అమెరికా అధ్యక్షుడి భవనమే చూసింది. రోనాల్డ్ రీగన్, నాన్సీ రీగన్ ఇద్దరూ ఒకప్పటి సినిమా తారలే. 1981 మార్చి 30న రీగన్‌పై కాల్పులు జరిగాక, భయం పట్టుకున్న నాన్సీ, శాన్‌ఫ్రాన్సిస్కోలోని జోన్ క్విగ్లీ అనే జ్యోతిష్కురాలిని తరచూ సంప్రదించడం మొదలుపెట్టింది. ఈమెవి కార్డులు కావు, గ్రహాలు. భర్త ఏ రోజు బయటికి కదలవచ్చో, ఏ రోజు కదలకూడదో ఫోన్లో కనుక్కునేది. 1988లో డోనాల్డ్ రీగన్ దగ్గర... కాదు, పేర్లు తికమక పడకండి, ఈయన డోనాల్డ్ రెగన్! పదవి పోయిన ఆ మాజీ ఉన్నతాధికారి తన పుస్తకంలో ఈ గుట్టు విప్పేశాడు. లోకమంతా నవ్వింది. నాన్సీ 1989లో తన పుస్తకంలో సంజాయిషీ చెప్పుకుంది. 1990లో క్విగ్లీ కూడా ఒక పుస్తకం అచ్చేసి, తన మాట ఎంత దూరం సాగిందో చాటుకుంది. గుట్టు ముందు విప్పింది ఆమె కాదు, నిజమే. కానీ ఇల్లు తగలబడుతుంటే చలి కాచుకున్నట్టు లేదూ!

డాక్టర్లకి మెడికల్ కౌన్సిల్ వుంది, వకీళ్లకి బార్ కౌన్సిల్ వుంది. మన దేశంలో కార్డులవాళ్లకి అలాంటి చట్టబద్ధమైన కౌన్సిలేదీ లేదు. ఎవరి కట్టుబాటు వాళ్లే పెట్టుకోవాలి. వృత్తిని గౌరవించేవాళ్లు పాటించేవి కొన్ని వున్నాయి.

ఫలానా స్టారు తన దగ్గరికి వస్తుందన్న మాటే బయటపెట్టకూడదు. "పేరు చెప్పను గానీ, మొన్న హిట్టయిన సినిమాలో హీరోయిన్..." అంటే పేరు చెప్పినట్టే కదా! ఆమెతో దిగిన ఫొటో గోడకెక్కించడం కూడా ఆమె ఒప్పుకుంటేనే.

బల్ల ముందు లేని మనిషికి ముక్కలు పరచకూడదు. "పోటీ హీరో సినిమా పోతుందా?" అని అడిగితే, "మీ సినిమా గురించి అడగండి సార్" అనాలి. నిర్మాత మనిషినంపి "మా హీరోకి పెళ్లి ఆలోచన వుందా, కాల్షీట్లు చెడతాయా?" అని ఆరా తీస్తే నోరు కుట్టేసుకోవాలి.

ఒంట్లో బాగోలేదంటే డాక్టరు దగ్గరికి, కోర్టు గొడవంటే వకీలు దగ్గరికి పంపాలి. 13వ ముక్క పేరు మృత్యువు. దానికి మార్పు అని అర్థం చెబుతారు తెలిసినవాళ్లు. దాన్ని చూపించి బెదరగొట్టి, పైన పూజకింత, తాయెత్తుకింత అని గుంజితే అది దోపిడీ.

ఇక వారపత్రికలో గాసిప్ చదువుకొచ్చి, అదే కార్డులో కనిపించిందనడం బాండ్ దొర పేర్చిన కట్టకి తమ్ముడే.

ఇవన్నీ పెద్దింటి గొడవలనుకోకండి. 2024 ఆగస్టులో నాగచైతన్య, శోభిత ధూళిపాళ నిశ్చితార్థమైన వెంటనే, ఒక జ్యోతిష్కుడు వాళ్ల కాపురం గురించి అశుభం పలుకుతూ వీడియో పెట్టాడు. సినీ జర్నలిస్టుల సంఘాలు తెలంగాణ మహిళా కమిషన్‌కి ఫిర్యాదు చేశాయి. 2025 జనవరిలో ఆయన కమిషన్ ముందు క్షమాపణ చెప్పుకున్నాడు. ఈలోగా డిసెంబరు 4న అన్నపూర్ణ స్టూడియోస్‌లో పెళ్లి వేడుకగా జరిగింది. ఆ జోస్యమేమిటో ఇక్కడ రాయను. రాస్తే నేనూ ఆ బల్ల దగ్గర చేరినట్టే!

ఒక్కమాట మాత్రం అడుగుతాను. పీటలెక్కబోతున్న అమ్మాయి మన అక్కో చెల్లెలో అయితే, ఎవరో వీధిలో నిలబడి అలా అరిస్తే ఊరుకుంటామా? మరి స్టారయినంత మాత్రాన ఆమె చెవులు రాతివా? అలాంటి వీడియోలు చూసేవాళ్లు వున్నంతకాలం చేసేవాళ్లూ వుంటారు. కొనేవాడు లేకపోతే అంగడి ఎన్నాళ్లు తెరిచి వుంచుతారు చెప్పండి?

అభిమాన తార జాతకం మనకెందుకు? శుక్రవారం మొదటాట టిక్కెట్టు దొరికితే చాలదూ!