రాజ్యము పోయినను మాట నిలిచినది

క్రీ.శ. 5వ శతాబ్దమున జర్మానిక్ జాతులైన స్వేవులు, విసిగోతులు ఐబీరియా ద్వీపకల్పమున రాజ్యములు స్థాపించిరి. గలీసియా నేలిన స్వేవుల రాజ్యము 585లో విసిగోతుల వశమైనది. విసిగోతుల రాజ్యము 711లో అరబ్బు, బెర్బరు సేనల ధాటికి కూలినది. ఏలినవారి భాషలును ఆ గడ్డపై అడుగంటినవి. పాలితులు మాటలాడిన లాటిను నుండియే స్పానిషు, గలీసియను భాషలు రూపొందినవి.

జేతల నుండి యుద్ధపదములు సంక్రమించుట సహజమే. ఇంటి పనిముట్ల పేర్లును సంక్రమించుట విశేషము. ఉన్నిని చుట్టిపెట్టుకొని నూలు వడుకు కర్రకు స్పానిషులో 'రుయేకా' యనియు, గలీసియనులో 'రోకా' యనియు పేరు. వడికిన నూలును చిలపగా చుట్టు చట్రము 'ఆస్పా'. మాంసమును గుచ్చి కాల్చు చువ్వ రెండు భాషలలోను 'ఎస్పేతో'. ఇవన్నియు జర్మానిక్ పదములే. కొల్లసొమ్మను అర్థముగల గోతిక్ పదమైతే స్పానిషులో 'రోపా'యై, నేడు కట్టుబట్టకు పేరైనది!

సింహాసనములు కాపాడలేని మాటలను వడుకు కర్ర పట్టిన చేతులు కాపాడినవి. పరభాషాపదమును పుట్టుకనుబట్టి వెలివేయదలచు శుద్ధవాదులు ఈ సంగతి గమనింపవలెను. మాటను కులమడుగువారు పండితులు. పని యడుగువారు ప్రజలు. నిలుచునది ప్రజల తీర్పే.