బి.పి. తగ్గిందని మాత్ర మానేశారా?

పొద్దున్నే అత్తగారికి షుగరు మాత్ర, మామగారికి గుండె మాత్ర టైముకి అందిస్తారు. పిల్లల క్యారేజీలు, శ్రీవారి టిఫిను డబ్బా ఏదీ మరచిపోరు. మరి మీ బి.పి. మాత్ర? "మొన్న చూపిస్తే నార్మల్‌గా ఉందన్నారు. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు. ఇంకా మాత్రెందుకండీ?" అంటారు. చాలామంది ఇల్లాళ్ళు పొరబడేది ఇక్కడే.

మాత్ర వేసుకుంటున్నారు గనకే బి.పి. నార్మల్‌గా ఉంది! పాలు పొంగకుండా సెగ తగ్గించి పెడతాం. పొంగలేదు కదా అని మళ్ళీ సెగ పెంచేస్తామా? ఇదీ అంతే. వేర్వేరు రోజుల్లో చూసినా పై అంకె 140కి గానీ, కింది అంకె 90కి గానీ చేరుతోందంటే అది అధిక రక్తపోటే. చాలామందిలో పైకి ఏ బాధా ఉండదు. లోలోపల మాత్రం గుండె, మెదడు, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఉపవాసం రోజున కూడా మాత్ర మానకండి. నీళ్ళు కూడా తాగని కఠిన ఉపవాసమైతే ముందుగానే డాక్టరుని అడగండి. మాత్ర వల్ల పాదాలు వాచినా, పొడిదగ్గు వచ్చినా మీ అంతట మీరు ఆపేయకుండా డాక్టరుకి చెప్పండి, వేరే మందు రాస్తారు. గర్భం వచ్చినా, రావాలనుకుంటున్నా వెంటనే చెప్పండి. బి.పి. మందుల్లో కొన్ని కడుపులో బిడ్డకి మంచివి కావు. మోకాళ్ళ నొప్పులకి షాపులో అడిగి కొనుక్కునే మాత్రలు కొన్ని బి.పి.ని పెంచుతాయి, జాగ్రత్త.

ఇక వంటింటి సంగతి. రోజుకి ఒక మనిషికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు, మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కూరలో ఉప్పు తగ్గించి, పక్కన ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయలు వడ్డించుకుంటే తగ్గించినట్టా? కల్లుప్పైనా, సైంధవ లవణమైనా ఉప్పు ఉప్పే. వంటసోడాలోనూ సోడియం ఉంటుంది. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం కలుపుతారు. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు, కొన్ని రకాల బి.పి. మాత్రలు వాడేవాళ్ళు డాక్టరుని అడగందే దాని జోలికి పోకూడదు.

వండేటప్పుడు ఉప్పు కాస్త కాస్తగా తగ్గించండి. నిమ్మరసం, ధనియాల పొడి, కొత్తిమీర ఎక్కువ వాడండి. కొన్ని వారాల్లో నాలుక అలవాటుపడుతుంది. ఇంటిల్లిపాదికీ అదే వంట మంచిది, మీకోసం వేరే గిన్నె పెట్టక్కర్లేదు. వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున చురుగ్గా నడవండి. "ఇంటి పనే నడక కదా" అనుకోవద్దు. ఆగి ఆగి చేసే పని వేరు, ఆగకుండా నడవడం వేరు.

బి.పి. చూపించుకునే ముందు అరగంట కాఫీ తాగకండి. ఐదు నిమిషాలు మాట్లాడకుండా, వీపు ఆనించి కూర్చోండి. లేకపోతే అంకె తప్పుగా రావచ్చు.

ఎప్పుడైనా మూతి వంకర పోయినా, మాట తడబడినా, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా వంట అయ్యాక వెళదామనుకోకండి. ఆ క్షణమే ఆసుపత్రికి బయలుదేరాలి.

రేపట్నించి మీ మాత్రల డబ్బాని కాఫీపొడి డబ్బా పక్కన పెట్టుకోండి. అందరి మాత్రలతో పాటు మీదీ గుర్తుంటుంది!